పెట్రోలు మూతకు బొట్టు

మేడ్చల్, షామీర్‌పేటల నడిబాటలో ఒక పాత వ్యాను ఇంజనును ఆఖరి నట్టు దాకా విప్పి, బీడీ ఒకటి కాలేలోగా మళ్లీ బిగించినవాణ్ణి నేను. ఆ చుట్టుపక్కల అంతటి పనిమంతుడు మరొకడు లేడు.

లేడన్నది నిజం. ఎందుకంటే ఆ చుట్టుపక్కల వ్యానే మరొకటి లేదు. ఇంజను అన్నది మాత్రం కొంచెం ఎక్కువైంది. విప్పింది కార్బురేటరు. బీడీలు కూడా నాలుగు కాలాయి.

అది యుద్ధం నడుస్తున్న కాలం. పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవారు. అందులో కిరసనాయిలు కలుపుతున్నారని ఒకరు, నీళ్లు కలుపుతున్నారని ఒకరు అనేవారు. రావల్కోల్‌లో నాగలి వదిలేసి, మేడ్చల్‌లో ఒక సాహెబు దగ్గర వ్యాను తోలే పనికి కుదిరి అప్పటికి నాకు నెల. ఆ బండి పుట్టి ఎన్నేళ్లయిందో సాహెబుకే తెలియదు.

దసరా మర్నాడు షామీర్‌పేటలో ఆయన కూతురి పెళ్లి. సాహెబుకు సొంత ఇంటి పొయ్యి మీద వండిందైతే తప్ప నచ్చదు. అందుకని బిర్యానీ గుండిగలు మేడ్చల్ నుంచి వ్యానులో రావాలన్నాడు. తాను ముందుగా బయలుదేరుతూ నాతో ఒకే మాట చెప్పాడు.

"దోపహర్ నమాజు అయ్యేటాల్లకు దేగ్‌లు ఆడుండాలె. మగపెండ్లోల్ల ముంగట నా ఇజ్జత్ పోయిందనుకో, రేపటి సంది నువ్వు మల్ల నాగలి పట్టుడే."

గుండిగల నడుమ వంట చాచా కూర్చున్నాడు. రెండు మైళ్లు హాయిగా సాగాం. తర్వాత బండి రెండుసార్లు దగ్గి, చచ్చింది. హ్యాండిల్ వేసి తిప్పాను. భుజం నొప్పి పుట్టింది గానీ బండికి చీమ కుట్టినట్టయినా లేదు. ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి చూశాను. సగం పైనే ఉంది. పైపు ఊడదీసి నోటితో పీల్చి ఊదాను. గుక్కెడు పెట్రోలు కడుపులోకి పోయింది. మళ్లీ తిప్పితే బండి లేచింది! నా అంతటివాడు లేడనుకున్నాను.

ఇంకో రెండు మైళ్లకు మళ్లీ ఆగింది. మూత తీశాను, పుల్ల ముంచాను, ఈసారి కార్బురేటరు విప్పాను. నాలుగు బీడీలు ఇక్కడే కాలాయి. బండి లేచింది, మైలున్నర పోయి మళ్లీ పడుకుంది. ఎండ నడినెత్తికొచ్చింది. నా కళ్ల ముందు నాగలి కనబడుతోంది.

"ఏందిరా, మల్లనా?" అన్నాడు చాచా.

"పెట్రోల్ల నీళ్లు గలిపిన్రు చాచా."

"నీళ్లు గలిస్తె నడుమ నడుమ ఎట్ల నడుస్తాంది?"

"బండి సంగతి నీకేమెర్క? నువ్వు బిర్యానీ జూస్కో."

చాచా దిగాడు. "పైపు ముట్టకు. మూత ఒక్కటి తియ్. జర మెల్లగ."

ఎప్పటిలా గుంజకుండా మూత మెల్లగా తిప్పాను. లోపలి నుంచి సుయ్‌మని బుస. పామనుకుని మూత వదిలేసి మూడడుగులు వెనక్కి దూకాను. చాచా కదల్లేదు.

"గాలి గుంజుతాంది, పాము గాదు. నూనె డబ్బకు ఒక్కటే చిల్లు గొడితె నూనె కారదు బేటా. గాలి వోనీకి ఇంకోటి గొట్టాలె. రోజూ నేను జేసే పనే గది. దీనికి రెండో చిల్లు యాడున్నది?"

మూత తీసి చూశాను. మూత నడుమ, బొట్టు పెట్టడానికే చేసినట్టుండే చిన్న గుంట. గాలి చిల్లు అదే. ముందు రోజు ఆయుధపూజకు పసుపు ముద్ద చేసి, భక్తి కొద్దీ అందులో కూరి, పైన కుంకుమ అద్దింది నేనే. అది ఎండి రాయిలా ఉంది. పైపుదీ కాదు తప్పు, పెట్రోలుదీ కాదు. దండం పెట్టిన చేతులతోనే బండి గొంతు నులిమాను. నేను మూత తీసినప్పుడల్లా అది గుక్కెడు గాలి పీల్చుకుని లేచేది. లేపింది నా పనితనమనుకుని ఎగిరాను.

చాచా తుమ్మముల్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నేను ముట్టను. పూజ జేసింది నువ్వు, నువ్వే తియ్."

పొడిచి తీశాను. తర్వాత బండి ఎక్కడా ఆగలేదు.

మేం చేరేసరికి నమాజు అయిపోయింది. సాహెబు బాట మీదే నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరవకముందే నేను అందుకున్నాను. "పెట్రోల్ల నీళ్లు గలిపిన్రు సాబ్! నడిబాటల ఇంజన్ మొత్తం ఇప్పి, మల్ల బిగించి తెచ్చిన."

సాహెబు నన్ను కిందా మీదా చూసి చాచా వైపు తిరిగాడు. "నిజమేనా ఉస్తాద్? గీన్ని ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

చాచా గుండిగ దించుతూ, నా వైపు చూడనైనా చూడకుండా అన్నాడు.

"ఝూట్ సాబ్. నీళ్లు లెవ్వు, ఇంజన్ ఇప్పనే లేదు. గాలి చిల్లుల పసుపు గొట్టిండు, గంతే. తోలుడైతె వస్తది, ఉంచున్రి. గని గీడు బండికి మరమ్మత్ జేసిన్నంటె నమ్మకున్రి."