ఈగలకు దేశమేమిటి

మా అక్క కపితోలీనా పండు ఈగలను పెంచేది. వోల్గా ఒడ్డున మా ఊరి ప్రయోగశాలలో, గాజుసీసాల్లో, ఎండుద్రాక్ష గంజి పోసి. తల్లి కళ్ల రంగు పిల్లకు ఎలా దిగుతుందో వాటిలో చూసేది. ఆ పని నేర్పింది ఆచార్యులు రొదియోన్ ల్వోవిచ్.

జర్మన్లతో యుద్ధం ముగిసిన మూడో ఏడు మాస్కో నుంచి ఆజ్ఞ వచ్చింది: వంశపారంపర్యమనేది పరదేశీయుల బూటకం, మన దేశపు శాస్త్రం వేరు. ప్రయోగశాల వాళ్లందర్నీ కూర్చోబెట్టిన సభలో ఆచార్యులు లేచి, ఇన్నాళ్లూ శత్రువుల విద్య నేర్పానని చెంపలేసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బయటికొచ్చి అక్కతో అన్నాడు:

"సీసాలన్నిట్లో మరిగే నీళ్లు పోసెయ్యండి, కపితోలీనా యెగోరొవ్నా. అవి పరాయి దేశపువి."

"ఈగలకు దేశమేమిటండీ? మన గదిలోనే పుట్టాయి, మన తిండే తిన్నాయి. పాస్‌పోర్టు ఇప్పించమంటారా?"

ఎవరో కిసుక్కుమని, వెంటనే దగ్గు నటించారు.

ఆయన గొంతు తగ్గించాడు. "నాకు పిల్లలున్నారమ్మా."

"ఆ మాటే లోపల చెప్పాల్సింది. భయమేసిందంటే నేనూ ఏడ్చేదాన్ని. మీరు శాస్త్రమే అబద్ధమన్నారు."

నీళ్లు ఆయనే పోశాడు. అక్క ఉద్యోగం ఊడింది. ఎక్కడా చేర్చుకోలేదు. చివరికి ట్రాముల షెడ్డులో బళ్లు కడిగే పని దొరికింది.

"నువ్వూ తప్పయిందని రెండు ముక్కలు అనేస్తే నీ సొమ్మేం పోయేదే?" అని అమ్మ సాధించేది.

"అన్నాక ఇంక దేన్ని నమ్మనమ్మా?" అనేది అక్క.

ఆ కొత్త శాస్త్రం మా అత్తవారి ఊళ్లోనూ కాలుపెట్టింది. ఒకే గుంటలో గుప్పెడు ఓక్ గింజలు నాటమన్నారు. మన మొక్కలు పోట్లాడుకోవట, ఒకదానికోసం ఒకటి ప్రాణాలిస్తాయట! మొలకలన్నీ మాడిపోయాయి. జైలుకు పోయింది మాత్రం, ఆ మాట రాసినవాడు కాదు, నీళ్లు పోసిన తోటమాలి. విద్రోహమట!

చాలా ఏళ్లకు గాలి మళ్లింది. మా ఆచార్యులే మళ్లీ వంశపారంపర్య శాస్త్ర శాఖకు పెద్ద అయి, షెడ్డుకొచ్చాడు.

"వచ్చెయ్యండి. మన శాస్త్రానికి మంచిరోజులు."

"అదే సభలో నిలబడి, ఆ రోజు అబద్ధమాడానని చెప్తారా?"

"పాత గొడవలెందుకమ్మా? దేశం పరువు కూడా చూడాలిగా."

"పక్కకి జరగండి, తడుస్తారు" అని అక్క నీళ్ల గొట్టం తిప్పింది.

ఇప్పుడాయన పేరిట ఒక బహుమతి ఉంది. చీకటి రోజుల్లో శాస్త్రాన్ని కాపాడిన మహనీయుడని పత్రికలో రాశారు. చదివి నాకు ఒళ్లు మండిపోయింది. అక్కకు పెన్షన్ ట్రాముల శాఖ నుంచే వస్తోంది.