మా ఇంటి తెల్లపూత

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మమ్మల్ని ఎవరూ ఇంటిపేరుతో పిలవలేదు. రంగమోళ్ళు అనేవారు. రంగమంటే రంగూన్. నాన్న అక్కడి రేవులో పనిచేసేవాడు. యుద్ధంలో బాంబులు పడ్డాక అడవుల వెంట, కొండల వెంట నడిచీ నడిచీ, ఆఖరికి రైలెక్కి, అవనిగడ్డ దగ్గర మా నాయనమ్మ ఇంటికి చేరాం. తమ్ముడు దారిలోనే జ్వరంతో పోయాడు. ఆ సంగతి ఇప్పటికీ గబగబా చెప్పేసి ఊరుకుంటాను. అంతకంటే ఓపిక లేదు.

అమ్మ వెంట తెచ్చుకున్నది ఒక్క చెక్క ముక్క. అక్కడి ఆడవాళ్ళు దాన్ని సాన మీద అరగదీసి, ఆ తెల్లటి గంధం బుగ్గలకు పూసుకుంటారు. అమ్మ అక్కడే పుట్టి పెరిగింది. పొద్దున్నే అది పూయనిదే నన్ను బయటికి పంపేది కాదు. తమ్ముడికి కూడా పోయే రోజు వరకూ పూసింది.

ఇక్కడ కాలవ దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి పడీ పడీ నవ్వారు. "సున్నం కొట్టిన గోడలా ఉందే పిల్ల! మీ అమ్మకి పసుపు దొరకలేదా ఏంటి?" ఒకావిడ తన బిందె పక్కకు జరుపుకుంది. నేను ఏడుస్తూ ఇంటికొచ్చి, ఇంకెప్పుడూ పూయొద్దని అమ్మ మీద గొంతు చించుకున్నాను. అమ్మ ఆ చెక్క తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టబోయింది.

మా నాయనమ్మ అమ్మ చెయ్యి పట్టుకుంది. "తగలబెడితే ఆ పిల్లోడి గుర్తేం మిగుల్తుందే మనకి?" అంది. తాతయ్య పోయినప్పటినుంచి ముఖానికి పసుపైనా తాకించని మనిషి. అలాంటిది సాన ముందేసుకు కూర్చుని అరగదీసి, తన రెండు బుగ్గలకూ దట్టంగా పూసుకుంది. నాకూ పూసి కాలవకు తీసుకెళ్ళింది.

అక్కడున్న వాళ్ళంతా నోళ్ళు తెరిచారు. "అయ్యయ్యో, ఈ వయసులో ఇదేం వేషం అత్తా?"

"వేషం కాదే, మా ఇంటి ఆచారం. మా కోడలు తెచ్చింది," అని ఏమీ జరగనట్టు బిందె ముంచుకుంది. తిరిగొచ్చేటప్పుడు చూస్తే ఆవిడ చెయ్యి వణుకుతోంది.

మళ్ళీ నా బుగ్గల మాట ఎవరూ ఎత్తలేదు. రంగమోళ్ళు అనడం మాత్రం మానలేదు. ఇప్పుడు వెళ్ళినా నేను రంగమోళ్ళ పిల్లనే. విని విని విసుగొచ్చేసింది.

ఆ చెక్క ఎప్పుడో అరిగిపోయింది. ఇప్పుడు మంచిగంధమే వాడుతున్నాం. మా ఇంట్లో పెళ్ళికూతురికి నలుగు పెట్టేముందు రెండు బుగ్గలకూ పూయాల్సిందే. మొన్న పటమటలో మా మనవరాలి పెళ్ళికి వియ్యపురాలు అడిగింది, "ఇదేం పద్ధతండీ, ఎక్కడా చూళ్ళేదు?" అని. రంగూన్ దగ్గర్నుంచి మొదలెట్టి చెప్పే ఓపిక నాకెక్కడిది!

"మా ఇంటి ఆచారమండీ" అన్నాను. పిల్ల బుగ్గకు పూస్తుంటే నా చెయ్యి వణికింది. వయసు కదా అనుకున్నారందరూ.