బావగారి పాచి వైద్యం

నిరుడు మదనపల్లెలో మా ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో పగడాలను పచ్చటి పాచి కమ్మేసింది. లైటు వేసే గంటలు, చేపల మేత తగ్గించి, రోజూ కాస్త కాస్త పాచి తీస్తున్నాను. అప్పుడే పుంగనూరు నుంచి మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వచ్చారు. తెలియదనే మాట ఆయన నోట ఏనాడూ వినలేదు.

"ఇంతదానికి ఇన్ని తిప్పలు యాలమ్మా? నేనుండా గదా," అన్నారు.

నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇల్లంతా బ్లీచింగ్ పౌడర్ వాసన. చేపలు రెండూ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. వాటిని, అక్వేరియంలో నీళ్లు మార్చడానికి బకెట్‌లో కలిపి ఉంచిన ఉప్పునీటిలోకి మార్చాను. ఒకటే బతికింది. మూడేళ్లుగా పెంచిన పగడాలన్నీ చచ్చిపోయాయి.

బావగారు కాఫీ తాగుతూ, "పాచి పోయిందా లేదా, అది సెప్పమ్మా," అన్నారు.

పెద్దవారని రెండో కప్పు కూడా ఇచ్చాను. ఆయన మీదకన్నా నా మీద నాకు ఇప్పటికీ ఎక్కువ అసహ్యం అందుకే.