రాహేలమ్మ ఏరి పక్కన పోసిన కాయలు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. నేను దయ్యాల్ని ఎన్నడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ప్రార్థన చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది నాకు.

తొంభైల చివర్లో ఒక ఏడు, మిర్చి కల్లంలో ఆరుతుండగా వాన కొట్టింది. పరదాలు కప్పేలోపే అడుగు కాయ తడిసి బూజు పట్టింది. రాహేలమ్మ అని భర్త లేని ముసలామె మా దగ్గర కూలికి కాయలు ఏరేది. మంచివి ఒక పక్కకి, బూజువి ఒక పక్కకి పోసి, "ఇయ్యి పారబొయ్యమ్మా, ఎవరూ తినగూడదు" అని నాకే చెప్పింది.

ఆ ఆదివారం మా చర్చిలో కోత పండుగ. ఇంటికో గంప పంట తెచ్చి దేవుడి ముందు పెడతాం. ఆరాధన అయ్యాక వాటిని విధవరాళ్లకు పంచుతారు. నేను గంప అడుగున ఆ బూజు కాయలే కుక్కి, పైన నాలుగు దోసిళ్లు నిగనిగలాడేవి పరిచాను. దేవుడికిచ్చే గంపలో! తలుచుకుంటే నా మీద నాకే రోత. ఆ గంప రాహేలమ్మకే వెళ్లింది.

మర్నాడు అన్నం కలుపుతుంటే కుడిచేతి నుంచి ముక్కిన కాయల కంపు. పళ్లెం పక్కకి నెట్టి లేచాను. సబ్బుతో కడిగాను. చింతపండు, ఉప్పు వేసి తోమాను. ఆఖరికి కిరసనాయిలు కూడా రుద్దాను. పోలేదు. ఎడమచేతికి ఏమీ లేదు, కుడిచేతికే.

మా ఆయన చెయ్యి వాసన చూసి, "కిరసనాయిలు కంపు తప్ప ఏం లేదే" అన్నాడు. "ఊళ్లో అనబాక, నవ్వుతారు" అంది అత్త. టౌనుకి వెళ్తే బ్రాడీపేటలో డాక్టరుగారూ వాసన చూశారు. ఏమీ లేదని బలం బిళ్లలు రాశారు.

ముద్ద నోటి దగ్గరికొస్తే వాంతి. అత్త చూడకుండా వంటింటి మూలన ఎడమచేత్తో తిన్నాను. ఏ చేత్తో ఏం కడుక్కుంటామో ఆ చేత్తో! నెల తిరిగేసరికి జాకెట్లు వదులైపోయాయి.

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల రోజున రొట్టె తీసుకోబోతే దాని మీదా అదే కంపు. తీసుకోకుండానే లేచి వచ్చేశాను. మోకాళ్ల మీద పడి దేవుడి దగ్గర ఒప్పుకున్నాను. అయినా పోలేదు. ఇంకెవరి దగ్గర ఒప్పుకోవాలో నాకు తెలుసు. కానీ నా కల్లంలో కూలి చేసే మనిషి ముందు తల దించడమా? ఆ పొగరుతో ఇంకో వారం అర్ధాకలితోనే గడిపాను.

చివరికి ఒక మధ్యాహ్నం, మంచి కాయలు సంచిలో పోసుకుని రాహేలమ్మ ఇంటికి వెళ్లాను. ఎండన పడి వచ్చానని గుమ్మంలోనే చెంబుతో నా చేతుల మీద నీళ్లు పోసింది. పోస్తూ పోస్తూ ముక్కు చిట్లించింది.

"ఇదేందమ్మా, నీ చెయ్యి ముక్కిన కాయ కంపు కొడతంది?"

నేనింకా నోరు తెరవలేదు. ఇంట్లోవాళ్లకీ డాక్టరుగారికీ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలీదు. వాళ్లెవరికీ రాని వాసన ఆమెకు వచ్చింది.

అక్కడే కూలబడి చెప్పేశాను. ఆమె నవ్వింది.

"తెలుసులేమ్మా. నేను ఏరిన కాయ నాకు తెలవదా? నేను పక్కన పోసినయ్యే నా ఇంటికి నడిచొచ్చినయ్యి."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే మళ్లా కూలికి పిలుస్తావా?"

ఆ మాటకి నా చేతి కంటే నేనే ఎక్కువ కంపు కొడుతున్నట్టు అనిపించింది. "క్షమించు" అన్నాను. ఆ మాట ఒక కూలిమనిషితో అనడం నా జన్మలో అదే మొదలు.

"సర్లే, చెయ్యి కడుక్కో. తిందువు గాని" అని పళ్లెంలో అన్నం, గోంగూర పచ్చడి పెట్టింది. వాళ్లింట్లో నేను ఎన్నడూ తినలేదు. కుడిచేత్తో కలిపాను. గోంగూర వాసన, అన్నం వాసన. అంతే.

ఆ కంపు మళ్లీ రాలేదు. మనసులో ఉన్న తప్పే కంపులా అనిపించిందని మా ఆయన అన్నాడు. అయి ఉండొచ్చు. మరి నా మనసులోది రాహేలమ్మ ముక్కుకి ఎలా తగిలింది? ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. కోత పండుగ వచ్చినప్పుడల్లా మంచి కాయ అడుగున పోస్తున్నాను, ముందు చెయ్యి వాసన చూసుకుని.

మీ గంప అడుగు కూడా పైభాగంలాగే నిండుగా ఉండాలి. మీ చేతి ముద్ద మీకు రుచించాలి. దేవుడు మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలి.