పద్నాలుగు బకెట్ల దోనె

ఆ రోజుల్లో నాకు నిజం కన్నా ఉద్యోగం ముఖ్యంగా కనిపించేది. (ఇప్పుడు కనిపించదని కాదు, ఇప్పుడు రెండింటి మీదా పెద్దగా ఆశ లేదు.) డిగ్రీ అయ్యాక, జగిత్యాలలో కొత్తగా పెడుతున్న పడవల మ్యూజియంలో నన్ను ఆర్నెల్ల కాంట్రాక్టు మీద తీసుకున్నారు. తెడ్డేసి నడిపే పాత పడవలన్నీ పోగుచేసి భద్రపరచాలన్నది దాని ఉద్దేశం. అప్పటికి పోగైనవి రెండు గుండ్రటి పుట్టీలు, ఏడు తెడ్లు. అసలైన దోనె ఒకటి తెస్తే కాంట్రాక్టు పొడిగిస్తానని మా పెద్దసారు అన్నారు.

దోనె ధర్మపురి అవతల ఒక పల్లెలో, ఒక అవ్వ దగ్గర దొరికింది. ఆమె భర్త తాళ్లెక్కి కల్లు గీసేవాడు. కల్లు పారడం మానేసిన తాటిచెట్టును కొట్టి, మొద్దును తొలిచి దోనె చేసుకుని, అందులోనే చెరువు అవతలి తాళ్లకు పోయేవాడట. ఆయన పోయాక కూడా అవ్వ దాన్ని రాళ్లు వేసి చెరువులోనే ముంచి ఉంచింది. ఇస్తానని ఒప్పుకుని ఒక్కటే అడిగింది: “ఎండనియ్యకు కొడుకా. తాటిమొద్దు ఎండితె పలుగుతది. నాకు మాటియ్యి.” ఇచ్చాను. మా దగ్గర స్లాబుంది, ఫ్యాన్లున్నాయి, చెరువు కన్నా మంచి చోటని ధైర్యం కూడా చెప్పాను.

మూడోవారానికి దోనెకు వెంట్రుకంత పగులు వచ్చింది. అవ్వ మొహం గుర్తొచ్చి నాకు అన్నం సయించలేదు. చెరువును హాల్లోకి తేలేను గనక, నీళ్లు తెచ్చి దోనెలో పోశాను. పద్నాలుగు బకెట్లు పట్టాయి. లోకంలో పడవలు నీళ్లలో ఉంటాయి. మా దగ్గర నీళ్లు పడవలో ఉండేవి. మ్యూజియం ఇంకా ప్రారంభం కాకపోయినా, చూపిద్దామని సిరిసిల్ల నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన ఒక పంతులమ్మ ఇదేమిటని అడిగితే, పాతకాలపు పద్ధతి అని గంభీరంగా చెప్పాను. ఆమె పిల్లలందరితో నోటుబుక్కుల్లో రాయించింది. (ఆ పిల్లలు ఈ పాటికి పెద్దవాళ్లై ఉంటారు. వాళ్లకు నా క్షమాపణలు.)

ప్రారంభానికి పది రోజుల ముందు పెద్దసారు వచ్చి, దోనెనూ స్లాబునూ మార్చి మార్చి చూసి, కురుస్తోందా అని అడిగారు. మ్యూజియం వస్తువులో నీళ్లు పోసినవాడికి కాంట్రాక్టు పొడిగిస్తారా? కురుస్తోందనే చెప్పాను. అది మే నెల, జగిత్యాలలో చినుకు పడి చాలా కాలమైంది. సారు ఆ సంగతి పట్టించుకోలేదు. నీళ్లు పారబోసి, దోనెను వారం రోజులు డాబా మీద ఎండలో ఆరబెట్టమని, స్లాబుకు మేస్త్రీని పిలవమని చెప్పి తన గదిలోకి వెళ్లారు.

నలుగురు కూలీలు దోనెను మెట్ల దాకా మోశారు. పైన డాబా మీది ఎండ కనబడింది. వాళ్లను ఆగమని, సారు గదిలోకి పోయి, స్లాబు కురవడం లేదని, నీళ్లు నేనే పోశానని చెప్పేశాను. ఆయన ఫ్యాను వైపు చూసి అడిగారు.

“ఎందుకు పోసినవ్?”

“అవ్వకు మాటిచ్చిన సార్.”

“ఎన్ని బకెట్లు పట్టినయి?”

“పద్నాలుగు సార్.”

సారు కుర్చీలోంచి లేచారు. బిల్డింగు కట్టేటప్పుడు నీళ్లకోసం కట్టిన సిమెంటు తొట్టి వెనకాల ఉంటే, దోనెను అందులో దించమన్నారు. రాళ్లు వేసి ముంచాం. నాలుగు రోజుల్లో నీళ్లు పచ్చబడ్డాయి.

ప్రారంభం రోజున ముఖ్య అతిథి తొట్టి ముందు నిలబడి, బోర్డు చదివి, నీళ్లలోకి వంగి చూసి, దోనె ఏదని అడిగారు. సారు నావైపు చూశారు. నేను నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. కోరుట్లలో ఉండే మనవరాలిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చిన అవ్వ, అందరినీ తప్పించుకుని ముందుకొచ్చి, మోచేతి దాకా చెయ్యి నీళ్లలో పెట్టి తడిమింది. “ఉన్నది సారూ, మంచిగున్నది,” అంది. ఆ తడిచేత్తోనే నా తల నిమిరింది. నాకు ఏడుపొచ్చింది, ఎండ అనుకున్నారు.

కాంట్రాక్టు పొడిగించలేదు. కనబడని వస్తువును తెచ్చినవాడికి ఏమని పొడిగిస్తారు? ఇప్పుడు కోరుట్లలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. రేపు తప్పకుండా అవుతుందని రోజుకు పదిమందికి మాటిస్తుంటాను. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇప్పటిదాకా నిలబెట్టుకున్న మాటలేమిటా అని ఆలోచిస్తే ముందు ఆ దోనె గుర్తొస్తుంది. రెండోది ఏదని వెతుకుతుండగానే నేను దిగాల్సిన స్టాపు వచ్చేస్తుంది.