అయ్యవారు చుట్టిన కండెలు

మా అయ్యవారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్నే నందికొట్కూరు నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసి, "అక్కా, నాయన పోయినాడు" అన్నాడు. తొంభై దాటిన మనిషి, ఇంకెన్నాళ్లుంటారు అని మీరనవచ్చు. నాకు మాత్రం ఆ తొంభై ఏళ్లూ చాల్లేదు.

పంతొమ్మిది వందల యాభైల్లో, కడప జిల్లాలో మా నేతగాళ్ల ఊరి ఏకోపాధ్యాయ పాఠశాల ఆయనది. నాకప్పుడు ఏడేళ్లు. రాట్నం తిప్పి, మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే చిన్న కండెలకు నూలు చుట్టడం నా పని. నేను బడికి పోతే నాయన మగ్గం ఆగుతుంది. అయ్యవారు వెంటపడగా వెంటపడగా నాయన, "ఒక్క వారం పంపుతా. ఏమన్నా వస్తే సరే, లేకుంటే మళ్లా అడగొద్దు" అన్నాడు.

ఆ వారం నాకింకా గుర్తే. సోమవారమంతా సున్నా చుట్టడానికే సరిపోయింది. నా చెయ్యి రాట్నం తిరిగే వైపే పోయేది. అక్షరం అటు తిరగదు. పిల్లలు నవ్వారు. అయ్యవారు బెత్తం ముట్టుకోలేదు. "అలవాటైన చెయ్యి పాపా, దాని తప్పు లేదు. ఈ పక్కకు తిరిగేది గూడా నేర్పిద్దాం" అన్నారు. బుధవారానికి 'అ' వచ్చింది. శనివారానికి ఐదక్షరాలు. ఐదక్షరాలకు నాయన ఒప్పుకుంటాడా? మధ్యాహ్నం బడి వదలగానే ఏడుస్తూ ఇంటికి వచ్చాను.

నా వెనకే అయ్యవారు వచ్చి, చెప్పులు బయట విడిచి, వేలొకటి ఎత్తి చూపించారు.

"ఇంకొక్క వారం పంపప్పా. పాప చుట్టాల్సిన కండెలు నేను చుడతా."

"మీరు రాట్నం కాడ కూసునేదేంది సామీ!" అంటూ నాయన మగ్గం గుంటలోంచి లేచేలోపే ఆయన కూర్చున్నారు.

అబ్బ, ఏం కండెలవి! ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. నాడెలో పెడితే నూలు జారి తెగిపోయేది. ఆయన ముందు "బాగుండాయి సామీ" అన్న నాయన, ఆయన వెళ్లగానే అన్నీ విప్పి మళ్లీ చుట్టాడు. "అయ్యవారికి చెప్పినావంటే చూడు. శానా నొచ్చుకుంటాడు" అని నన్ను బెదిరించాడు.

ఐదో తరగతి దాకా ప్రతి శనివారం అదే వేలు, అవే పనికిరాని కండెలు. లెక్కలు అంత బాగా చెప్పే మనిషికి ఈ కాస్త పని పట్టుబడదేమని నవ్వుకునేదాన్ని. ఒకసారి బడిలో మరిచిన నా పలక మా గడప మీద కనిపించింది. ఎవరు పెట్టారో ఆలోచించలేదు. ఆ వారాలతోనే చదివి నేనూ టీచర్నయ్యాను.

ఆయన పోయే ముందు శనివారం చూడ్డానికి వెళ్లాను. మనిషి సగమైపోయారు. "నా కండెలు ఎట్లుండె పాపా?" అన్నారు.

"శానా బాగుండె అయ్యవారూ."

ఆయన నవ్వారు. "మీ నాయన మాదిరే చెప్తాండావు. ఒకనాడు నీ పలక ఇచ్చిపోదామని మళ్లా వచ్చినా. మీ నాయన నా కండెలన్నీ ఇప్పుకుంటా కూసోనుండాడు. లోపలికొస్తే ఆయనకు తలకొట్టేసినట్లయితాది. ఇంగ నేను అడగలేను, ఆయన పంపలేడు. పలక గడప మీద పెట్టి వచ్చేసినా."

నాయన ఈ మాట తెలియకుండానే పోయాడు. ఇంకా ఎన్నో అడగాలనిపించింది కానీ, ఆయనకు ఆయాసంగా ఉంది.

"వచ్చే వారం మళ్లీ వస్తా అయ్యవారూ" అని లేచాను.

ఆయన దుప్పటిలోంచి చెయ్యి తీసి, వేలొకటి ఎత్తి చూపించారు.