డిసెంబరులో తూర్పు దారి

మా బావ బస్సు డ్రైవరు. కౌలాలంపూర్ నుంచి తూర్పు తీరానికి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి, జీవితంలో సగం ఆ దారి మీదే గడిపాడు. ఆయన నా మేనమామ కొడుకు. మా పెళ్లికి ముందు బావా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాకా అదే పిలుపు నిలిచిపోయింది.

ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట, "డిసెంబర్లో తూరుపుకి ఎల్లకూడదు." ఏడాది చివర అటువైపు ఈశాన్య గాలి తిరుగుతుంది. వాన పట్టిందంటే వారాల తరబడి వదలదు. ఏర్లు పొంగుతాయి, రోడ్లు మునుగుతాయి. ఆ కాలాన్ని మలయ్‌లో తెంకుజూ అంటారు. చుట్టాల్లో ఎవరైనా బడి సెలవులని పిల్లల్ని తీసుకుని ఆ సముద్రానికి బయల్దేరుతున్నారని తెలిస్తే, మా బావ వాళ్లింటికి వెళ్లి మరీ ఆపేవాడు. ఒకసారి మా పెద్దమ్మ కొడుకుతో దీని మీదే మాటామాటా పెరిగి ఏడాది పాటు రాకపోకలు లేకుండా పోయాయి.

రిటైరయ్యాక ఆయన ఒక పాత స్కూలు వ్యాను కొన్నాడు. తెలుక్ ఇంటాన్‌లో మా ఇంటి ముందు రేకుల కింద పెట్టి, నెలల తరబడి విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాడు. సీట్లు పీకేసి మంచం వేశాడు. గ్యాసు పొయ్యికి చోటు చేశాడు, నీళ్ల ట్యాంకు కట్టాడు, కిటికీలకు దోమతెరలు బిగించాడు. కర్టెన్లు నేను కుట్టాను. కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి వచ్చి చూసి దాన్ని క్యాంపర్ వ్యాన్ అంది. మేమూ అదే పేరుతో పిలవసాగాం. లుమూట్ దాకా ఒకసారి, పెనాంగ్ దాకా ఒకసారి వెళ్లొచ్చాం. తూర్పు సముద్రం చూడాలని నేను అడిగితే, అటు మాత్రం మార్చిలో, వానలు పూర్తిగా వెనకబట్టాక వెళ్దామన్నాడు. అది ఆయన పెట్టిన ముహూర్తమే.

అలాంటి మనిషి నవంబరు చివర ఒక పొద్దున, దోసె తింటూ, "వచ్చే వారం ఎల్దాం" అన్నాడు.

"ఎక్కడికి?"

"తూరుపుకి. కువాంతాన్."

నేను అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "మార్చి అన్నావు కద బావా."

"ఇపుడు అన్నీ ఫోన్లో తెలుస్తాయి లా. ఏ ఏరు పొంగినాదో, ఏ రోడ్డు మూసినారో. మన కాలం నాగ కాదు" అన్నాడు, ఇక్కడివాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

ఆ సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. అది తెలుగు అర్థం చేసుకున్నంత సులువుగా మాట్లాడలేదు. "అమ్మా, డిసెంబర్లో ఈస్ట్ కోస్టా? నాన్నేనా సెప్పింది? నాన్న ఎప్పుడూ నో సెప్తాడు కదా" అంది. తర్వాత ఇంగ్లీషులో చాలాసేపు వాదించింది. నేను ఆయన్నే వెనకేసుకొచ్చాను. నిజానికి నాకు లోపల సంతోషంగా ఉంది. చాకిరీ చేసినన్నాళ్లూ భయాలతో బతికాడు, ఇప్పుడు కాస్త తెగించాడు, మంచిదే కదా అనుకున్నాను.

వాన లేని పొద్దు చూసి బయల్దేరాం. కౌలాలంపూర్ దాటాక కొత్త హైవే ఎక్కుతాడనుకుంటే కొంతదూరం పోయి దిగిపోయాడు. ఎందుకని అడిగాను. "హైవే మీద అందరూ ఉరుకుతారు. పాత రోడ్డయితే నాకు కళ్లు మూసుకున్నా తెలుసు" అన్నాడు. దారిలో బోర్డు కనిపించినప్పుడల్లా, "అదేటి రాసినారో సదువు" అని అడిగేవాడు. నాకు నిద్ర రాకుండా ఆ మాటా ఈ మాటా కలుపుతున్నాడని, నేను బడిపిల్లలా గట్టిగా చదువుతూ వచ్చాను.

తెమెర్లో అనే ఊళ్లో చేపల పులుసుతో అన్నం తిన్నాం. అక్కడ వాన మొదలైంది. నేను ఫోన్ చూశాను. ఏరు నిండుగా ఉందని ఉంది కానీ రోడ్డు మూసినట్టు లేదు. "ఇక్కడే ఆగిపోదామా?" అన్నాను. "ఈ వానకా?" అని నవ్వాడు. బస్సు రోజుల్లో ఆయన ఎన్ని వానలు దాటి ఉంటాడు! నేను ఫోన్ సంచీలో పెట్టేశాను.

అరగంట పోయాక రెండు వైపులా పామాయిల్ తోటలు వచ్చాయి. మధ్యాహ్నమే అయినా లైట్లు వేసుకోవలసినంత మసక. రోడ్డు కొంచెం కిందికి దిగుతూ ఉంది. ఆ పల్లంలో, మాకు ఎదురుగా, నీళ్లు కనిపించాయి. గుంటలో నిలిచిన నీళ్లు కావు. కుడివైపు తోటలోంచి వచ్చి, రోడ్డు మీదుగా ఎడమవైపు తోటలోకి పారుతున్నాయి. వాటి మీద ఎండిన మట్టలు గిరగిరా తిరుగుతూ కొట్టుకుపోతున్నాయి.

బావ ఆపుతాడని చూశాను. వేగం తగ్గలేదు. ఆయనకు తెలుసు, ఇంకాస్త దగ్గరికి వెళ్లి ఆపుతాడు అనుకున్నాను. ఇంకా తగ్గలేదు.

"బావా, నీళ్లు" అన్నాను.

"ఏ నీళ్లు?" అన్నాడు.

కంగారుగా అనలేదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఏ గ్లాసు అని అడిగినట్టు నింపాదిగా అన్నాడు. నేను ఆయన మొహం చూశాను. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. అంత నీళ్లు అంత ఎదురుగా ఉంటే, ఆ కళ్లలో ఏ కదలికా లేదు.

"ఆపు, ఆపు" అని స్టీరింగ్ మీద చెయ్యి వేశాను. ఆయన బ్రేకు తొక్కాడు. వ్యాను జారుకుంటూ పోయి, ముందు చక్రాలు నీళ్లలో పడ్డాక ఆగింది. కింద నుంచి రాళ్లు గీసుకుంటున్నట్టు చప్పుడు. మా వెనక షెల్ఫులో గిన్నెలన్నీ దొర్లిపడ్డాయి.

ఆ చప్పుడు విన్నాక ఆయన అన్నాడు, "ఎంత నోతుందే?"

అప్పుడు అర్థమైంది నాకు. తలుపు తీసుకుని దిగాను. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి, కాలిని పక్కకు తోస్తున్నాయి. వ్యాను పట్టుకుని వెనక్కి నడిచి, నీళ్లు పారని చోట నిలబడి అరిచాను. "ఎనక్కి రా... నిదానంగా... కుడికి తిప్పు... ఇంకా కుడికి." ఆయన నా గొంతును బట్టి ఆ బండిని వెనక్కి తెచ్చాడు. అద్దాల వైపు చూడలేదు. నన్ను దాటి పైకి తెచ్చి, మిట్ట మీద ఆపి, ఇంజను కట్టేశాడు.

నేను తడిసిన బట్టలతోనే ఎక్కి పక్కన కూర్చున్నాను. రేకు మీద వాన దడదడలాడుతోంది.

"నీకు కనబళ్లేదా?" అన్నాను.

"ఎడం కన్ను పోయినట్టే. కుడి కంటికి ఎండలో పరవాలేదు. వానొస్తే రోడ్డూ ఆకాశం ఒక్కలాగే ఉంటాది."

"ఎప్పటి నుంచి?"

"షుగర్ వల్లంట. ఈపోలో డాకటరు సెప్పినాడు, లోపల రగతం సిమ్మినాదని. బండి నడపొద్దన్నాడు."

సెప్టెంబరులో ఆయన రెండుసార్లు బస్సెక్కి ఈపో వెళ్లొచ్చాడు. వ్యాను సామాను కోసమని నాతో చెప్పాడు. ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు అన్నం తిన్నాడు. ఆ తర్వాత కూడా నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని మోటర్ సైకిల్ మీద మార్కెట్టుకి తీసుకెళ్లాడు. అవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

నన్ను సంతోషపెట్టడానికే తెచ్చి ఉంటాడని, ఆ స్థితిలో కూడా ఆయన తరఫున ఒక మాట వెతుక్కున్నాను. "నేను సముద్రం అడిగినానని తెచ్చినావా?" అన్నాను.

"నీకోసం కాదే. ఈ కాలంలో ఆ సముద్రం ఇల్లంత ఎత్తు లేస్తాది. బస్సు తిరుగు టైము దాకా ఒడ్డున కూకుని సూసేవోడిని. మార్చికి అది నీళ్ల పళ్లెం నాగ ఉంటాది. మార్చికి నా కన్ను ఉంటాదో లేదో. ఒక్కసారి నేను సూడాలనుకున్నాను."

నీళ్ల కంటే ఆ మాటకే నేను ఎక్కువ దెబ్బతిన్నాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననిపించింది. పక్క సీట్లో నేను కూర్చుని ఉన్నాననే సంగతి ఆయన లెక్కలో లేనే లేదు. ఏడుపు రాలేదు, తిట్టాలనీ అనిపించలేదు. "దిగు" అన్నాను. "ఇటు కూకో."

నేను పెళ్లయిన కొత్తలో లైసెన్సు తీసుకున్నదాన్నే. చిన్న కారులో బజారుకీ గుడికీ తప్ప ఎక్కడికీ నడపలేదు. సీటు ముందుకు లాక్కున్నా కాలు సరిగ్గా అందలేదు, దిండు వేసుకున్నాను. క్లచ్ వదలగానే వ్యాను రెండుసార్లు ఆగిపోయింది. ఆయన పక్కన కూర్చుని ఇంజను చప్పుడు విని, "రెండు వెయ్... ఇపుడు మూడు" అంటూ వచ్చాడు.

వచ్చిన దారినే కొంతదూరం పోయాక, మిట్ట మీద చిన్న ప్రార్థనా మందిరం కనిపించింది. దాని ఆవరణలో ఆపాను. పక్కింట్లోంచి ఒక మలయ్ ఆమె గొడుగు వేసుకుని వచ్చింది. నా వయసే ఉంటుంది. ఎటు నుంచి వస్తున్నారని అడిగింది. పల్లంలో నీళ్ల దాకా వెళ్లామని చెప్పాను.

ఆమె గొడుగు చెయ్యి మార్చుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "అక్కడ రోడ్డుకింద తూము కొట్టుకుపోయింది, కక్. మధ్యాహ్నమే పోయింది. మావాళ్లు అడ్డం పెట్టే కర్రల కోసం వెళ్లారు" అంది. మలయ్‌లో కక్ అంటే అక్క.

నేను ఆమె మాటను తెలుగులో చెప్పనవసరం లేదు, బావకు మలయ్ బాగా వచ్చు. కానీ ఆయన నా వైపు తిరిగి, "ఏటంది?" అన్నాడు. విని కూడా నమ్మలేక అడిగాడు.

వాన తెరిపి ఇచ్చేదాకా ఆ ఆవరణలోనే ఉన్నాం. ఆమె ఉడికించిన కర్రపెండలం, కొబ్బరి, వేడి టీ తెచ్చిపెట్టేది. తెల్లారి నేను ఒక్కదాన్నే నడిచి వెళ్లి చూశాను. నిన్న మేము ఆగిన చోటికి నాలుగు బారల అవతల రోడ్డు లేదు. తారు ముక్కలు విరిగి వేలాడుతున్నాయి. మధ్యలో ఎర్రనీళ్లు, లోతు ఎంతో తెలియదు. మా చక్రాలు దిగిన గుర్తులు అంచున బురదలో ఇంకా ఉన్నాయి. అక్కడే కూర్చుండిపోయాను. తిరిగొచ్చి ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి, చాలాసేపు రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మాయికి నువ్వే సెప్పాల" అన్నాను.

ఫోన్ తీసుకుని చెప్పాడు. కన్ను సంగతీ, డాక్టరు సంగతీ, నీళ్ల సంగతీ, ఏదీ దాచలేదు. తర్వాత అది అడిగింది ఒక్కటే, "అమ్మ ఓకేనా?"

ఇంటికి నేనే నడిపాను. ఈసారి హైవే మీద, లారీల వెనక, నలభై దాటకుండా. వెనక బండ్లు హారను కొట్టినా పట్టించుకోలేదు. ఆ తర్వాత ఆయన కంటికి లేజరు చేశారు, సూదులు వేశారు. ఎడమది రాలేదు. కుడిదానితో మనుషుల్ని పోల్చుకుంటాడు, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి చదువుకుంటాడు.

వ్యాను అమ్మేద్దామని ఆయన అన్నాడు. నేను వద్దన్నాను. ఎప్పుడు బయల్దేరాలో, ఎప్పుడు ఆగాలో ఇప్పుడు నేను చెబుతాను, ఆయన వింటాడు. అయినా ఆ రోజు మీద నాకు కోపం తగ్గిందని చెప్పలేను. ఒక్కోసారి రోడ్డు మీద వాన మొదలవగానే, ఆయన నింపాదిగా "ఏ నీళ్లు?" అన్నది చెవిలో వినిపించి, ఏమీ లేకపోయినా బండి పక్కకు తీసి ఆపేస్తాను. ఎందుకాపావని ఆయన అడగడు.